ఎర్ర సిరా పెట్టేముందు

చిన్నయసూరి 1858లో వెలువరించిన పుస్తకం పేరు ‘బాలవ్యాకరణం’. బాలల మాట దేవుడెరుగు, పంతుళ్లకే చెమటలు పట్టించింది! ఆ తర్వాత చాలాకాలం బడిపిల్లలు అరసున్న మరిస్తే తప్పు, బండి ‘ఱ’ ఉండాల్సినచోట మామూలు ‘ర’ రాస్తే తప్పు. ఇంట్లో ఎవరూ అనని ‘వచ్చుచున్నాఁడు’ రాస్తేనే ఒప్పు.

పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) దీనిమీద తిరగబడ్డారు. గ్రాంథికమే రాయాలన్న పండితుల రాతల్లోంచే తప్పులు ఏరి చూపించారు. నోటిభాషకీ వ్యాకరణం ఉందన్నారు.

ఉందో లేదో మన ఇళ్లలోనే చూడొచ్చునండీ. ‘మనం సినిమాకి వెళ్తున్నాం’ అంటే నాలుగేళ్ల బుజ్జిగాడు చెప్పులు వెతుక్కుంటాడు. ‘మేం వెళ్తున్నాం’ అంటే ఏడుపు లంకించుకుంటాడు. ఏ సూత్రం చదివాడని?

ఆ చెవే ఏడో తరగతి నోటుబుక్కు దిద్దుకోడానికీ పనికొస్తుంది. ‘సీత ఆమె పుస్తకం తెచ్చింది’ అని రాస్తుంది అమ్మాయి. అక్షరదోషం ఒక్కటీ ఉండదు, అందుకే తప్పు కంటికి దొరకదు. ఇంగ్లీషు వాక్యంలోంచి దిగుమతైన ‘ఆమె’ అది. మీరు కొట్టెయ్యకండి. పైకి చదివించి, ‘ఎవరి పుస్తకమే?’ అని అడగండి.

‘సీతదే!’ అంటుంది. అని, ఒక్క క్షణం ఆగి, తనే పెన్ను తీసుకుని ‘ఆమె’ కొట్టేసి ‘తన’ అని రాసుకుంటుంది.