టెలిఫోను తీగ మోసిన విద్యుత్తు

ఊరంతటా దీపాలు ఆరిపోయినా పాతకాలపు టెలిఫోను మోగుతూనే ఉండేది. దానికి కావలసిన విద్యుత్తు ఇంటి మీటరు గుండా వచ్చేది కాదు. మాటను మోసే రాగి తీగల జతే దానిని కూడ మోసేది. అయితే ఈ ఏర్పాటు టెలిఫోనుతో పాటు పుట్టినది కాదు.

1877లో వాడుకలోకి వచ్చిన బెల్ టెలిఫోనులకు ఘటాలు అక్కరలేదు. గొంతు ఒక పలుచని ఇనుపరేకును కదల్చగా, అయస్కాంతం మీది తీగచుట్టలో విద్యుత్తు పుట్టేది. మనిషి ఊపిరే డైనమో అన్నమాట! ఆ శక్తి బహు స్వల్పం గనుక దూరం పెరిగితే మాట వినబడేది కాదు. ఎడిసన్ మొదలైనవారి బొగ్గు ట్రాన్స్‌మిటరుతో ఈ లోపం తీరినది. ధ్వని ఒత్తిడికి బొగ్గు నిరోధం మారుతుంది. దానితో ఘటం నుండి వచ్చే ప్రవాహం హెచ్చుతగ్గులవుతుంది. గొంతు శక్తిని పుట్టించనక్కరలేదు, అదుపు చేస్తే చాలును.

కాని ఇప్పుడు ప్రతి చందాదారుని ఇంట ఘటాలుండాలి. నవాసాగర ద్రావణంతో నిండిన లెక్లాంషే ఘటాలు ఎండిపోయేవి, నీరసించేవి. వాటిని సరిచేయడానికి మనుషులు ఇల్లిల్లూ తిరుగవలసి వచ్చేది. ఎక్స్చేంజిని పిలవాలంటే వేరే పిడి త్రిప్పాలి.

ఘటాలన్నిటినీ ఎక్స్చేంజిలోనే ఉంచితే? వినడానికి సులువే. కాని ఒకే బ్యాటరీకి వందల తీగలను తగిలిస్తే ఒకరి మాట మరొకరికి వినబడే ప్రమాదమున్నది. అంతర్నిరోధం అత్యల్పమైన సీసపు సంచాయక ఘటాలు, మాటల ప్రకంపనలను అడ్డగించే తీగచుట్టలు ఈ చిక్కును విడదీసినవి. 1893లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని లెక్సింగ్టనులో ఇట్టి ఎక్స్చేంజి పనిచేయ నారంభించినది. తరువాత 48 వోల్టులు సాధారణ ప్రమాణమైనది. ధనధ్రువాన్ని భూమికి కలుపుతారు. తేమ సోకినచోట రాగి తీగ కరిగిపోకుండ ఇదొక జాగ్రత్త.

రిసీవరు ఎత్తగానే వలయం పూర్తయి 20 మిల్లీ ఆంపియర్లకు పైగా ప్రవాహం సాగేది. చందాదారుడు పిలుస్తున్నాడనడానికి అదే సంకేతం. 1963 నవంబరులో పెన్సిల్వేనియాలోని కార్నెగీ, గ్రీన్స్‌బర్గు పట్టణాలలో మీటల టెలిఫోను వచ్చినప్పుడు, రెండేసి స్వరాలను పలికించే ట్రాన్సిస్టరు కూడ ఈ ప్రవాహంతోనే నడిచినది.

మరి ఆ తీగకే ఒక చిన్న దీపం తగిలించుకొనరాదా? దీపం వెలుగుతుంది, కాని రిసీవరు ఎత్తారనుకొని ఎక్స్చేంజి ఆ లైనును ఆక్రమితమైనదిగా లెక్కిస్తుంది, బయటివారి పిలుపులు రావు. అందుచేతనే అమెరికా నిబంధనలు, రిసీవరు పెట్టి ఉన్నప్పుడు, పరికరపు నిరోధం 50 లక్షల ఓములకు తగ్గరాదన్నవి. 48 వోల్టుల వద్ద ఆ లెక్కన లభించేది 10 మైక్రో ఆంపియర్లు కూడ కాదు. శక్తి అర మిల్లీవాటు లోపే! చవుక విద్యుత్తును ఆశించినవారికి ఇది నిరాశే. సంఖ్యలను జ్ఞాపకముంచుకొనే చిన్న ఎలక్ట్రానిక్ మెమొరీకి మాత్రం అదీ చాలును.

1965 నవంబరు 9న ఈశాన్య అమెరికాలోను, కెనడాలోని ఒంటారియోలోను సుమారు 3 కోట్లమంది చీకటిలో చిక్కుకున్నారు. ఎక్స్చేంజిలలోని బ్యాటరీల, డీజిలు యంత్రాల పుణ్యమా అని టెలిఫోనులు ఆ రాత్రి పనిచేసినవి.

నేడు రాగి స్థానంలో గాజు పోగులు వస్తున్నవి. వాటిగుండా వచ్చేది వెలుగే గాని విద్యుత్తు కాదు. కరెంటు లేని వేళ మాట్లాడదలచినవారు ఇంటిలో మళ్ళీ ఒక బ్యాటరీని ఉంచుకోవలసి ఉన్నది.