ఐవాన్‌హో నవలయు నార్మను యుగ చరిత్రయు

1066వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన హేస్టింగ్సు వద్ద హెరాల్డు రాజు కూలుటతో ఇంగ్లండు నార్మండీ ప్రభువగు విలియము వశమయ్యెను. ఇరువదియేండ్లకు, 1086లో, భూములు లెక్కించి డూమ్స్‌డే గ్రంథము వ్రాయించునప్పటికి పూర్వపు ఆంగ్ల భూస్వాములలో పెద్దలనదగినవారు మిక్కిలి కొలదిమందియే మిగిలిరి. ఇట్టి విప్లవము నవలాకారుల నాకర్షించుట వింత కాదు. లిట్టను హెరాల్డును గూర్చియు (1848), కింగ్‌స్లే హెరివార్డును గూర్చియు (1866) నవలలు వ్రాసిరి. అయినను పాఠకలోకమున నిలిచినది వాల్టరు స్కాటు 1819 చివర వెలువరించిన ‘ఐవాన్‌హో’.

అందలి కథాకాలము 1194. సింహహృదయుడను రిచర్డు చెర వీడి వచ్చిన యేడు. ఆనాటికిని శాక్సనులు, నార్మనులు రెండు జాతులై పరస్పరము ద్వేషించుచుండిరనియు, సెడ్రిక్కు అను శాక్సను ప్రభువు పూర్వరాజవంశ పునరుద్ధరణమునకై కలలు గనుచుండెననియు స్కాటు చిత్రించెను. చరిత్ర దీనికి సాక్ష్యమీయదు. 1100లోనే మొదటి హెన్రీ పూర్వాంగ్ల రాజవంశపు దౌహిత్రియగు మెటిల్డాను పెండ్లాడెను. ఆమె రిచర్డు తండ్రికి మాతామహి. అనగా సెడ్రిక్కు కోరిన రక్తము సింహాసనముపైననే యున్నది! రాజకోశాగార వ్యవహారములపై గ్రంథము వ్రాసిన రిచర్డు ఫిట్జ్‌నీల్, 1170వ దశకముననే, దాసకర్షకులు తప్ప తక్కినవారిలో నెవడు ఆంగ్లేయుడో యెవడు నార్మనుడో వివాహసంబంధముల వలన గుర్తింపరాకున్నదని చెప్పియున్నాడు. స్కాటు కథను నూరేండ్లు వెనుకకు జరిపియున్నచో నీ దోషము తప్పెడిది. కాని అప్పుడు రిచర్డు ఉండడు. కథకే యెసరు వచ్చెడిది.

భాషావిషయమున మాత్ర మతని చూపు సూక్ష్మము. పందులకాపరి గర్తుతో విదూషకుడు వాంబా జరపు సంభాషణ యిందుకు తార్కాణము. పశువు బ్రతికి కాపరి చేత నున్నంతకాలము దానికి ఆంగ్లనామము. చచ్చి దొర పళ్లెరము చేరినంతనే ఫ్రెంచినామము. ఎద్దునకు, దూడకు, పందికి నిదే గతి. రక్తము కలిసినను పలుకు కలియుటకు చిరకాలము పట్టెను. న్యాయస్థానములలో వాదములు ఆంగ్లమున జరుగవలెనను శాసనము 1362లో గాని పుట్టలేదు. దానిని సైతము ఫ్రెంచిలోనే వ్రాసిరి.

ఈ కాలమునుండి నవలకు తీసికొనదగిన నాయకుడు కత్తి పట్టినవాడే కానక్కరలేదు. ఆర్డరిక్ విటాలిస్ 1075లో ష్రూస్‌బరీ సమీపమున జన్మించెను. తండ్రి నార్మను ప్రభువు కొలువులోని ఫ్రెంచి మతగురువు, తల్లి ఆంగ్లేయురాలు. పదేండ్ల ప్రాయమున తండ్రి కంటతడితో అతనిని నార్మండీలోని సెంట్ ఎవ్రూల్ మఠమున కంపెను. ఈజిప్టు చేరిన జోసెఫు వలె, అచ్చటివారు పలుకు భాష తన కర్థము కాలేదని అతడే వ్రాసికొనెను. తండ్రి ఫ్రెంచివాడైనను బిడ్డకు ఫ్రెంచి రాలేదన్నమాట! ఆర్డరిక్ అను పేరు నార్మనుల చెవులకు కటువుగా తోచుటచే విటాలిస్ అని మార్చిరి. అతడు ఏబదియేండ్లకు పైగా ఆ మఠముననే యుండి లాటినున బృహచ్చరిత్ర రచించెను. 1069-70లో విలియము ఉత్తర ఇంగ్లండును తగులబెట్టించి నిరపరాధులను ఆకలికి బలిచేయుటను అందు నిర్మొహమాటముగా ఖండించెను. ఆ గ్రంథమున అతడు తన్ను ఆంగ్లభూమిని బుట్టినవానిగనే చెప్పుకొనెను.