దామనపల్లి పోరు 1922: మన్యం ఎందుకు తుపాకి పట్టింది?

1922 సెప్టెంబర్ 24. గూడెం కొండల్లోని దామనపల్లి ఘాట్ మీదుగా పోలీసు పటాలం వెళ్తోంది. అల్లూరి సీతారామరాజు దళం కొండవాలులో మాటు వేసింది. ముందు నడిచిన దేశీయ పోలీసులను పోనిచ్చింది. వెనక వస్తున్న ఇంగ్లీషు అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను కాల్చి చంపింది.

ఆ ఇద్దరి సమాధులు నర్సీపట్నంలో నేటికీ ఉన్నాయి. కొండవాలులో పొంచి ఉన్న ఆదివాసీల్లో ఎంతమంది పేర్లు మనకు తెలుసు?

పోరుకు మూలం

1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి రిజర్వు అయింది. పోడు నేరమైంది. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి వేసిన రోడ్డుకు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఆదివాసీలతో వెట్టి చేయించాడు. బట్టిపనుకుల మునసబు గాం గంటం దొర ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆయన, తమ్ముడు మల్లు దొర పోరాటానికి వెన్నెముకగా నిలిచారు. దామనపల్లికి నెల ముందే, ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు తెచ్చుకున్నారు.

అంతకుముందు 1879లో రంప పితూరీ జరిగింది. కల్లు మీద వేసిన చిగురుపన్ను దానికి ఒక కారణం. అది భద్రాచలం తాలూకాలోని రేకపల్లి దాకా పాకింది. అక్కడ మంట పెట్టింది పోడు మీద ఆంక్షలే.

గెలుపు తర్వాత

దక్షిణ అమెరికాలోని చిలీలో మపూచే ఆదివాసీలు 1598లో కురలాబా దగ్గర ఇలాగే మాటు వేసి స్పెయిన్ గవర్నర్‌ను చంపారు. బియోబియో నదికి దక్షిణాన ఉన్న పట్టణాలను స్పెయిన్ వదులుకుంది. 1641లో ఆ నదిని సరిహద్దుగా ఒప్పుకుంది. మన్యానికి అలాంటి ఒప్పందం దక్కలేదు. 1922 డిసెంబర్ 6న పెద్దగడ్డ దగ్గర దళం దెబ్బతింది. తర్వాత అస్సాం రైఫిల్స్ దిగింది. 1924 మే 7న రాజును కొయ్యూరు దగ్గర కాల్చి చంపారు. జూన్‌లో గంటం దొర నేలకొరిగాడు. మల్లు దొర జైలు నుంచి బయటికొచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

దమ్మపేట నుంచి చూస్తే

ఆ రోజుల్లో దమ్మపేట నిజాం రాజ్యంలో ఉంది, గూడెం మద్రాసు ప్రెసిడెన్సీలో. పాలకులు వేరైనా అడవి ఒకటే, అందులో కోయలు, కొండరెడ్లు ఒకటే. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా పోడు పట్టా కోసం దరఖాస్తు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నది వాళ్లే. దామనపల్లిని ఒక్క వీరుడి సాహసంగా చదివితే ఈ భూమి ప్రశ్న మరుగున పడుతుంది. విద్యార్థి మిత్రులను మేం కోరేది ఒకటే: మన్యం పోరు గురించి రాసేటప్పుడు రాజు పేరు పక్కన గంటం దొర పేరు రాయండి, వెట్టి గురించి రాయండి, పోడు గురించి రాయండి. మీ గూడేల్లో పెద్దలను అడిగి, ఇంకా రికార్డుకెక్కని పేర్లు రాసుకోండి.