జనానా స్టూడియో నేర్పిన మర్యాద

పాత ఆల్బముల్లో అమ్మమ్మలు ఎందుకంత బిగుసుకుపోయి ఉంటారని మా పిల్లలు అడుగుతుంటారు. తొలినాళ్లలో ఫొటో పడేదాకా కదలకూడదు. తల నిలవడానికి వెనక ఇనుప ఊత పెట్టేవారు. అయితే ఎదుటి మనిషిని ఎలా చూశారన్నది వేరే సంగతి. 1868–75 మధ్య అచ్చయిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ 8 సంపుటాలు మనుషుల్ని కులాలకూ తెగలకూ నమూనాలుగా చూపించాయి. చాలా బొమ్మల కింద పేరే లేదు.

హైదరాబాదులో మరో దారి కనిపిస్తుంది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు లాలా దీన్ దయాళ్ 1892లో ఆడవాళ్లకు ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. నడిపింది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ. పరదా పాటించే స్త్రీలు తమ మర్యాదకు లోటు లేకుండా ఫొటో దిగగలిగారు. తర్వాత 1896లో ఆయన మేముండే బొంబాయిలోనూ స్టూడియో పెట్టారు.

కొత్తగా కెమెరా పట్టిన మా పిల్లలకు మేం చెప్పేదీ ఇదే: పెద్దవాళ్లను ముట్టుకుని సర్దకండి, ఎలా కూర్చోవాలో మీరే కూర్చుని చూపించండి. ఇబ్బందిగా ఉందా అని అడగండి. వద్దంటే ఆపేయండి. ఫొటో వెనక పేరూ ఊరూ రాయడం మాత్రం మరవకండి.