ఖజానా కొరత, గ్రామ న్యాయం: మద్రాసు ప్రెసిడెన్సీలో మునసబు కోర్టులు

న్యాయపాలన వ్యయాన్ని ఎవరు భరించాలన్న ప్రశ్నకు మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం పంతొమ్మిదో శతాబ్దంలో ఇచ్చిన సమాధానం తెలుగు పల్లెల చరిత్రలో లోతైన ముద్ర వేసింది. సాధారణంగా చరిత్రకారులు 1816 నాటి సంస్కరణలను దేశీయ సంప్రదాయ పునరుద్ధరణగా వర్ణిస్తారు. ఆ వర్ణనలో సత్యం ఉన్నా, వాటి వెనుక ఉన్న ఆర్థిక ఒత్తిడిని విస్మరిస్తే చిత్రం అసంపూర్ణమవుతుంది. ఆ సంస్కరణలు న్యాయపాలన ఖర్చును తగ్గించిన దానికన్నా, దానిని ఖజానా మీది నుంచి ఇతరుల మీదికి మళ్లించినదే ఎక్కువ.

1802లో బెంగాల్ నమూనాలో జిల్లా న్యాయస్థానాలు ఏర్పడ్డాయి. వాటిపై మచిలీపట్నం, చిత్తూరు, తిరుచిరాపల్లి, తలశ్శేరిలలో నాలుగు ప్రాంతీయ అప్పీలు కోర్టులు, అన్నింటికీ పైన మద్రాసులో సదర్ అదాలతు పనిచేశాయి. జిల్లా స్థాయిలో తీర్పరులు అధిక వేతనం పొందే ఆంగ్లేయులు. భాష, ఆచారం తెలియని న్యాయాధికారి ముందు విచారణ నెమ్మదిగా సాగేది. న్యాయమూర్తులను పెంచితే వ్యయం పెరుగుతుంది, పెంచకపోతే అపరిష్కృత వ్యాజ్యాలు పేరుకుపోతాయి. ఈ చిక్కుముడే కంపెనీ డైరెక్టర్లను 1814లో కొత్త దారి వెతికేలా చేసింది.

ఆ పని థామస్ మన్రో నాయకత్వంలోని కమిషన్‌కు అప్పగించారు. 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల్లో కలెక్టరుగా పనిచేసిన మన్రోకు గ్రామ పెద్దల పలుకుబడి, పంచాయతీల తీరు ప్రత్యక్షంగా తెలుసు. దేశీయులే తమ వారి వ్యాజ్యాలను బాగా అర్థం చేసుకోగలరన్నది ఆయన దృఢ విశ్వాసం. ఈ విశ్వాసం, డైరెక్టర్ల పొదుపు అవసరం ఒకే దిశలో నడిచాయి.

1816 నాటి రెగ్యులేషన్ల ద్వారా కొత్త శ్రేణి ఏర్పడింది. పది రూపాయలకు మించని ధన, చరాస్తి దావాలను గ్రామ పెద్దే గ్రామ మునసబుగా తీర్చవచ్చు. ఆ పైన 200 రూపాయల వరకు జిల్లా మున్సిఫు విచారిస్తాడు. ఉభయ పక్షాల సమ్మతితో గ్రామ, జిల్లా పంచాయతీలు కూడా వ్యాజ్యాలను చేపట్టవచ్చు. జిల్లా మున్సిఫు పరిధి 1833 నాటికి వెయ్యి రూపాయలకు, 1873 చట్టంతో 2,500 రూపాయలకు పెరిగింది. దేశీయ న్యాయాధికారుల ప్రతిభకు ఇది గుర్తింపే. అయితే ఆంగ్ల న్యాయమూర్తికన్నా తక్కువ జీతంతో ఎక్కువ వ్యాజ్యాలను పరిష్కరించుకునే మార్గం కూడా ఇదే.

గ్రామ మునసబు విషయంలో ఈ పొదుపు మరింత స్పష్టం. అతడు అప్పటికే శిస్తు వసూలు చూసే గ్రామ పెద్ద. ఆ న్యాయస్థానానికి ప్రత్యేక భవనం గాని, సిబ్బంది గాని అక్కరలేదు. 1870 నాటి కోర్టు రుసుముల చట్టం సైతం మద్రాసు గ్రామ మునసబు ముందు దాఖలయ్యే దావాలను రుసుము నుంచి మినహాయించింది. పేద కక్షిదారుకు ఇది మేలు చేసింది. ఊరు దాటకుండా, స్టాంపు కొనకుండా చిన్న బాకీ తేల్చుకునే వీలు కలిగింది. కాని శిస్తు కోసం ఒత్తిడి చేసే చేతికే తీర్పు అధికారం కూడా దక్కింది. 1816లోనే మేజిస్ట్రేటు అధికారాలు సైతం కలెక్టరుకు చేరడాన్ని దీనితో కలిపి చూడాలి. 1802లో వేరుచేసిన రెవెన్యూ, న్యాయ అధికారాలు గ్రామంలోను జిల్లాలోను మళ్లీ దగ్గరయ్యాయి.

పంచాయతీల అనుభవం మరో కోణాన్ని చూపుతుంది. మన్రో ఎంతో ఆశించినా ప్రజలు వాటిని పెద్దగా ఆశ్రయించలేదు. ప్రతిఫలం లేకుండా రైతులు తమ పనులు మాని విచారణకు కూర్చోవాలనడంలోనే వాటి బలహీనత కొంత ఉందనిపిస్తుంది. ఖజానా చెల్లించని సమయాన్ని ఎవరో ఒకరు చెల్లించాలి కదా.

పై కోర్టుల్లో భారం కక్షిదారుపై పడింది. బెంగాల్‌లో 1793లో రద్దైన రుసుములు, వ్యర్థ వ్యాజ్యాలను అరికట్టడమనే సాకుతో 1795లో తిరిగి వచ్చాయి. రుసుము న్యాయమైన దావానూ అడ్డుకుంటుందని మెకాలే ఈ తర్కాన్ని విమర్శించాడు. ఈ వివాదం స్వాతంత్ర్యానంతరమూ సాగింది. మద్రాసు రుసుములకు సంబంధించిన జెనిత్ ల్యాంప్స్ కేసులో 1972లో సుప్రీంకోర్టు, కోర్టు రుసుము పన్ను కాదని, అది న్యాయపాలన వ్యయంతో పొంతన కలిగి ఉండాలని నిర్ణయించింది.

తెలుగు నుడికారంలోనూ ఈ చరిత్ర నిలిచింది. ఒకే పదం నుంచి వచ్చినా, 'మున్సిఫు' కోర్టు న్యాయాధికారిని, 'మునసబు' శిస్తు వసూలు చేసే గ్రామాధికారిని సూచిస్తూ వచ్చాయి. న్యాయాన్ని సూచించే పేరు మోసిన ఉద్యోగి జనస్మృతిలో రెవెన్యూ మనిషిగా మిగలడం గమనార్హం. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యేనాటికి ఆ పేరులోని న్యాయార్థం దాదాపు మరుగున పడింది.

మద్రాసు అనుభవం చౌక న్యాయాన్ని తిరస్కరించమని చెప్పదు. ఊరి వాకిట దొరికే విచారణ పేదవాడికి నిజమైన అవసరం. కాని పొదుపు ఎవరి చేతిలో అధికారాన్ని పెడుతోందో, ఎవరి శ్రమను లెక్కలోకి తీసుకోవడం లేదో ప్రశ్నించనంతకాలం, దావా విలువ ఎంత తక్కువైతే తీర్పరి స్వతంత్రత అంత తక్కువన్న 1816 నాటి సూత్రమే కొత్త పేర్లతో కొనసాగుతుంది.