నలుగురెరిగిన పెళ్లికి రుజువేమిటి?



ఈమధ్య మా కోటబొమ్మాళిలో పక్కింటి అమ్మాయి తెల్లవారుజామున ఐదున్నరకే లేచి, తల దువ్వుకుని, సెల్‌ఫోను ముందు కూర్చుంటోంది. పెళ్లయి ఏడాది దాటింది. భర్త మెల్బోర్నులో ఉన్నాడు. అమ్మాయిని అక్కడికి రప్పించుకునే వీసా పని చూసే లాయరుగారూ అక్కడే. ఆవిడ కచేరీ తెరిచే వేళకు మనకింకా కోళ్లు కూస్తుంటాయి. ఈ అమ్మాయి ఆవిడను ఒక్కసారి కూడా ఎదురుగా చూడలేదు. కాగితాలు ఫొటో తీసి పంపడం, ‘ఇది చాలదు, ఇంకొకటి పంపండి’ అని ఆవిడ రాయడం, ఇలా నెలల తరబడి సాగుతోంది.

ఏమడుగుతున్నారో వింటే మీకూ ఆశ్చర్యంగానే ఉంటుంది. భార్యాభర్తల డబ్బు లెక్కలు ఎలా ఉన్నాయి? ఇల్లు ఎలా నడుపుకుంటారు? బంధుమిత్రులు వీరిని దంపతులుగా ఎరుగుదురా? కలకాలం కలిసి బతకాలన్న సంకల్పం ఉందా? ఆస్ట్రేలియా చట్టం పెళ్లిని ఈ నాలుగు వైపుల నుంచీ చూస్తుంది. పైగా మన పేర్ల గొడవ ఒకటి. అమ్మాయి పదో తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు ఒక్క అక్షరం. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. శుభలేఖలో ముద్దుపేరు వేయించారు. ఈ ముగ్గురూ ఒక్కరేనని నిరూపించాలి!

వాళ్లమ్మ నా దగ్గర కూర్చుని వాపోయింది. “ఏటమ్మా ఇది! ఊరంతా వచ్చి అక్షింతలు వేసి, బోంచేసి వెళ్లినారు. కొత్తమ్మతల్లికి మొక్కుకుని చేసిన పెళ్లి. మళ్లీ రుజువేటి?”

ఆమె బాధ న్యాయమే. కాని ఈ ప్రశ్న మన ఆడవాళ్లకు కొత్తగా ఎదురైంది కాదు. వందేళ్ల కిందట దీని కోసం జైలుకు వెళ్లిన ఇల్లాళ్లున్నారు. ఆ కథ ఈ రోజు మీతో చెప్పుకుందామని వచ్చాను.

మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరింది. చెరకు తోటల్లో పని చేయడానికి మన దేశపు ఒప్పంద కూలీలను తీసుకువెళ్లిన మొదటి ఓడ అది. 1911 వరకు ఇలా 1,52,184 మంది నేటాలుకు వెళ్లారు. వారిలో మన తెలుగువాళ్లు, గంజాం, విశాఖపట్నం జిల్లాల వాళ్లు కూడా ఉన్నారు. అప్పట్లో మన ఈ ప్రాంతం గంజాం జిల్లాలోదే. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలోకి, 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది.

1913 మార్చి 14న కేప్ న్యాయస్థానంలో సెర్ల్ అనే న్యాయమూర్తి ఒక తీర్పు ఇచ్చారు. స్వదేశం నుంచి భార్యను తెచ్చుకున్న ఒక ముస్లిం వ్యాజ్యం అది. పలువురు భార్యలను ఒప్పుకునే మతం ప్రకారం జరిగిన పెళ్లి అక్కడి చట్టం ముందు పెళ్లి కాదన్నారు. ఆ ఒక్క మాటతో హిందువుల, ముస్లిముల పెళ్లిళ్లన్నిటికీ ముప్పు వచ్చింది. పిల్లల్ని కని, కాపురాలు చేస్తున్న ఇల్లాళ్లు చట్టం దృష్టిలో ఇల్లాళ్లు కాకుండా పోయారు. పుట్టింటికి వచ్చినావిడను తిరిగి ఓడ దిగనిస్తారన్న నమ్మకం లేదు. పిల్లల వారసత్వానికీ దిక్కులేదు.

గాంధీగారు స్వయంగా లాయరు. అర్జీలు పెట్టి చూశారు, పని జరగలేదు. అప్పుడు ఆడవాళ్లు కదిలారు. ఆ సెప్టెంబరులో కస్తూరిబాయి, మరి ముగ్గురు స్త్రీలు అనుమతి లేకుండా సరిహద్దు దాటి మూడు నెలల కఠిన శిక్ష అనుభవించారు. ట్రాన్స్‌వాలు నుంచి మరో పదకొండు మంది, ఎక్కువమంది తమిళ స్త్రీలు, న్యూకాజిల్ బొగ్గుగనులకు వెళ్లి కూలీలను కదిలించారు. ఆ కూలీల నెత్తిన మూడు పౌన్ల పన్ను భారం కూడా ఉండేది. గనులు ఆగిపోయాయి. జైలు నుంచి జ్వరంతో వచ్చిన పదహారేళ్ల వల్లియమ్మ 1914 ఫిబ్రవరిలో కన్ను మూసింది. ఆ ఏడాదే కొత్త చట్టం వచ్చింది. మన ఆచారం ప్రకారం జరిగిన పెళ్లికి, ఒక భార్యకు, ఆమె పిల్లలకు గుర్తింపు దొరికింది.

మన తీరం నుంచి రంగం, అంటే రంగూను, వెళ్లిన వాళ్లకు ఈ బాధ చాలాకాలం తెలియదు. కళింగపట్నంలోనో భీమునిపట్నంలోనో ఓడ ఎక్కితే చాలు. బర్మా అప్పుడు మన దేశంలో భాగం. 1937 ఏప్రిల్ 1న విడిపోయాక అదీ పరాయి దేశమైంది. మనుషులు కదలకపోయినా మధ్యలో గీత పడితే మొగుడూ పెళ్లాల మధ్యకూ కాగితం వచ్చి కూర్చుంటుందన్నమాట.

చూశారా, ఊరికి తెలిసిన పెళ్లి దూరాన కూర్చున్న అధికారికి తెలియదు. ఆనాటి ఇల్లాలు ‘నేను భార్యనే’ అని జైలుకు వెళ్లి చెప్పింది. మన అమ్మాయిలకు ఆ అవస్థ లేదు. కాగితంతో చెప్పుకోవచ్చు. మన రాష్ట్రంలో పెళ్లి నమోదు తప్పనిసరి చేస్తూ 2002లోనే చట్టం వచ్చింది. అయినా పందిరి విప్పేశాక ఆ సంగతి మరిచిపోయేవారే ఎక్కువ.

అందుచేత ఆడపిల్లల తల్లులకు నా మనవి. శుభలేఖలో పాస్‌పోర్టు పేరే వేయించండి. నమోదు పత్రం వెంటనే తీసుకోండి. పెళ్లి ఆల్బంలో వేదిక మీద నిలబడిన బొమ్మలే కాదు, రెండు వైపుల పెద్దలు కలిసి ఉన్నవీ దాచండి. మా పక్కింటివారికి ఒక మధ్యవర్తి, పెళ్లి తేదీ కాస్త వెనక్కి జరిపి పత్రం చేయిస్తానన్నాడు. లాయరుగారు వద్దుగాక వద్దన్నారు. తప్పుడు పత్రం పెడితే దరఖాస్తు పోవడమే కాదు, మూడేళ్లపాటు మరో వీసాకూ అడ్డు పడవచ్చు. ఇంకొక మాట. కాగితాలన్నీ అల్లుడి దగ్గరే ఉంచకండి. సంతకం పెట్టే ముందు ప్రతి పుటా అమ్మాయి తానే చదవాలి, ఒక నకలు తన దగ్గర ఉంచుకోవాలి. చెప్పేది ఆమె కాపురం గురించే కదా!

మొన్న నమోదు పత్రం చేతికొచ్చింది. ఆ తల్లి దాన్ని పసుపు పూసిన శుభలేఖతో కలిపి గుడ్డలో చుట్టి తెచ్చింది. “పేరు సరిగ్గా ఉందేటో సూడమ్మా” అంది. ఇంటిపేరుతో సహా అక్షరం అక్షరం చదివి వినిపించాను. సరిగ్గానే ఉంది.