డీజిలు యంత్రము - గాలిబలము



బెల్లపు పొయ్యిలో పిప్పి యెంత కూరినను గాలి చాలనిచో మంట లేవదు, పొగయే లేచునని రావికమతపు రైతులకు నేను చెప్పనక్కరలేదు. డీజిలు యంత్రముల చరిత్రకును ఈ సూత్రమే మూలము.

జర్మనీ దేశమున రుడాల్ఫు డీజిలు 1897లో తన యంత్రమును జయప్రదముగా నడపి చూపెను. అందు గాలిని గట్టిగా నదిమినపుడు పుట్టు వేడిమియే చమురును మండించును. వెడలు పొగతో చాల శక్తి వృథాయగుట గని, స్విట్జర్లాండు దేశీయుడగు ఆల్ఫ్రెడు బ్యూఖి 1905లో నొక యుపాయము ప్రతిపాదించెను. ఆ పొగచే నొక చక్రము తిరుగును. అదే యిరుసుపై నున్న రెండవ చక్రము యంత్రములోనికి గాలిని నెట్టును. ఇదియే టర్బో. ఇరువది యేండ్లు శ్రమించి 1925లో నతడు పది సిలిండర్ల యంత్రమొకదాని బలమును 1750 అశ్వశక్తుల నుండి 2500కు పెంచెను.

నేడు టర్బో గల పికప్పు బండ్లకు బలము హెచ్చింపగోరి కొందరు చమురు మాత్రమే యధికము చేయుచున్నారు. గాలి చాలని చమురు నల్లని పొగయై పోవును. వేడిమి మితిమీరి టర్బోయు పిస్టనులును చెడును. బ్రేకుల బలము మాత్రము పెరుగదు. తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు భిన్నముగ బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనులో నున్నది.

అప్పు చేసి కొన్న బండి యింటిని పోషించు కాడియెద్దు వంటిది. పెద్దలారా, పిల్లలకు మీరే చెప్పవలెను. గాలి వడపోతను శుభ్రముగ నుంచి, గాలిగొట్టముల చీలికలు సరిచేసినచో తగ్గిన బలము చాలవరకు తిరిగి వచ్చును. బరువు పరిమితి మీరకుండుట అన్నిటికంటె మేలు. బ్యూఖి యిరువది యేండ్లు వెచ్చించిన పనిని ఒక మర త్రిప్పి యొకపూటలో ముగింపజూచుట వివేకము కాదని నా మనవి.